బేరి చెట్టు కొమ్మలు మాడితే గుంటూరు మందు పనిచేస్తుందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు రాసింది ఇదీ. అమెరికాలో ఒహాయోలో మీ అమ్మాయి వాళ్ల పెరట్లో బేరి (ఇంగ్లీషులో పేర్) చెట్టు ఉంది, ఇంటి ముందు ముళ్ల హాథార్న్ చెట్టు ఉంది, కంచె పొడుగునా ఏడాదంతా పచ్చగా ఉండే జూనిపర్ పొదలున్నాయి. మే నెలాఖర్లో బేరి కొమ్మల చివర్లు నిప్పు సెగ తగిలినట్టు నల్లబడి వంగిపోయాయి. ఇప్పుడు హాథార్న్ ఆకుల మీద నారింజ రంగు మచ్చలు వచ్చాయి. బేరి ఆకుల మీద జలగల్లాంటి పురుగులు కూడా ఉన్నాయట. వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఇది అగ్గి తెగులు, గుంటూరులో మందు దొరుకుతుంది" అన్నారు. వచ్చే నెల మీరూ మీ వారూ ప్రయాణం కాబట్టి ఏ మందు కొని పట్టుకెళ్లాలని మీ ప్రశ్న. దానికి తోడు, విజయవాడలో మీ డాబా మీద ఆన్‌లైన్‌లో తెప్పించి పెట్టుకున్న బేరి మొక్కకి ఆకుల అంచులు ఎండుతున్నాయి, అదీ ఇదే రోగమా అని.

ఏ మందూ కొనకండి. పురుగుమందులు విమానం సామానులో పెట్టనివ్వరు. పెట్టనిచ్చినా, అమెరికాలో వాళ్ల ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ కాని మందుని దేశంలోకి తీసుకెళ్లడమే నేరం. ఆ డబ్బా పట్టే చోట ఆవకాయ పెట్టుకోండి.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిర్చి మందులు చెప్పుకునే వాడికి బేరి చెట్టు సంగతేం తెలుసని అనుకుంటారు. మాది తెనాలి పక్క పల్లె. హార్టికల్చర్ చదివి, సిమ్లా జిల్లా కొండల్లో యాపిల్, బేరి తోటల్లో పదకొండేళ్లు పనిచేశాను. తర్వాత గుంటూరు వచ్చి నిమ్మ, మిర్చి, పత్తి చూశాను. మా అబ్బాయి ఉండేది ఒహాయో పక్కనే, ఇండియానాలో. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ ఆ వీధిలో మనవాళ్లు నన్ను పెరట్లోకి తీసుకెళ్లి చెట్లు చూపిస్తుంటారు. మీ అమ్మాయి వాళ్లవి లాంటి చెట్లు నేను చాలానే చూశాను.

ముందు పేరు దగ్గర జరిగిన పొరపాటు. బేరి చెట్టుకి వచ్చిన జబ్బుని ఇంగ్లీషులో ఫైర్ బ్లైట్ అంటారు. ఎవరో దాన్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి మార్చి అగ్గి తెగులు చేశారు. మన దగ్గర అగ్గి తెగులంటే వరికి వచ్చేది. ఆకు మీద నూలు కండె ఆకారంలో మచ్చలు పడతాయి, వెన్ను మెడ దగ్గర విరుగుతుంది, ట్రైసైక్లజోల్ కొడతారు. ఆ వరి తెగులు శిలీంధ్రం వల్ల వచ్చేది. బేరి చెట్టుది బాక్టీరియా. ట్రైసైక్లజోల్ గానీ, కార్బెండజిమ్ గానీ, మాంకోజెబ్ గానీ కుండలకొద్దీ పోసినా ఈ బాక్టీరియాకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. వరి మందు తెచ్చి బేరికి కొట్టడమంటే గ్యాస్ మాత్ర వేసుకుని జ్వరం తగ్గలేదని బాధపడటమే. అందుకని ఇక్కడ ఫైర్ బ్లైట్ అనే రాస్తాను.

ఇది ఫైర్ బ్లైటేనా అని తేల్చుకోవడం పెద్ద కష్టం కాదు. మాడిన కొమ్మ చివర గొడుగు పిడిలా వంపు తిరిగి ఉంటుంది. ఆకులు నల్లబడి కూడా రాలవు, కొమ్మకే వేలాడుతుంటాయి. పొద్దున్నే, గాలిలో తేమ ఉన్నప్పుడు, మాడిన చోటుకి కిందుగా బెరడు మీద తేనె రంగు చుక్కలు కారి ఉంటాయి. వేలితో ముట్టుకుంటే జిగటగా సాగుతాయి. ఆ ఒక్కొక్క చుక్కలో కోట్ల కొద్దీ బాక్టీరియా. తర్వాత చాకుతో మాడిన చోటుకి జానెడు కిందుగా బెరడుని పల్చగా గీకి చూడమనండి. ఆరోగ్యంగా ఉంటే లోపల లేత ఆకుపచ్చ తెలుపు. జబ్బు దిగి ఉంటే ఎర్రటి గోధుమరంగు చారలు. పైకి పచ్చగా కనబడే కొమ్మలోనూ ఆ చారలుంటాయి. ఈ జబ్బులో అసలు మోసం అక్కడే ఉంది.

2021లో మన వేపచెట్లు కొమ్మల చివర్ల నుంచి మాడిపోయి, ఊళ్లన్నీ బెంగపెట్టుకున్నాయి గుర్తుందా? చాలా చెట్లు వాటంతటవే చిగురించాయి. బేరి చెట్టు కూడా అలాగే తేరుకుంటుందిలే అని వదిలేస్తే కుదరదు. వేపది శిలీంధ్రం పని, ఎక్కువగా చివర్ల దగ్గరే ఆగింది. ఇది పువ్వులోంచో చిగురులోంచో లోపలికి దూరి, కొమ్మలోంచి పెద్ద కొమ్మకి, అక్కడి నుంచి మానుకి దిగుతుంది. లేత చెట్టయితే ఒక్క సీజన్లో చచ్చిపోవచ్చు.

దీని చరిత్ర పాతది. అమెరికాలో హడ్సన్ లోయలో 1780 ప్రాంతంలోనే ఈ మాడు చూశారు. వందేళ్లు ఎవరికి తోచిన కారణం వాళ్లు చెప్పుకున్నారు. ఎండ అన్నారు, పిడుగు అన్నారు, పురుగన్నారు. 1880 ప్రాంతంలో ఇలినాయ్‌లో బరిల్ అనే ప్రొఫెసర్, కారేది బాక్టీరియా అని, జబ్బు దానివల్లేనని తేల్చాడు. మొక్కలకి కూడా బాక్టీరియా వల్ల జబ్బు వస్తుందని లోకానికి మొదట తెలిసింది బేరి చెట్టు పుణ్యమాననే. ఆ తర్వాత పదేళ్లకి, దీన్ని పువ్వు నుంచి పువ్వుకి మోసేది తేనెటీగలని వెయిట్ అనే ఇంకొకాయన చూపించాడు. న్యూజిలాండ్‌కి 1919లో, ఇంగ్లండ్‌కి 1957లో, కొరియాకి 2015లో చేరింది. మీ అమ్మాయి వాళ్లున్నది దీని పుట్టింటి ప్రాంతమే.

అక్కడ బేరి ఏప్రిల్లో పూస్తుంది. పూత సమయంలో రెండు మూడు రోజులు వెచ్చగా ఉండి, పైన ఒక జల్లు పడితే చాలు. పువ్వులో బాక్టీరియా పెరిగి, వాన నీటితో లోపలికి జారుతుంది. 24 నుంచి 28 డిగ్రీల మధ్య దానికి పండగ. మీకు మే నెలాఖర్లో కనబడింది ఏప్రిల్లో అంటుకున్నదే. మందు కొట్టాల్సిన రోజులు అప్పుడే దాటిపోయాయి. అమెరికాలో దీనికి స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ పూత మీద కొడతారు, మన దగ్గర నిమ్మ గజ్జి తెగులుకి ఏళ్ల తరబడి కొట్టిన స్ట్రెప్టోసైక్లిన్‌లో ఉండేది కూడా అదే. మాడు కనబడ్డాక జూన్‌లో అది కొడితే జబ్బు తగ్గదు, మందుకి లొంగని రకం బాక్టీరియా మాత్రం తయారవుతుంది. అక్కడి చాలా తోటల్లో ఇప్పటికే అదే జరిగింది.

ఇప్పుడు చేయగలిగిన పని కత్తెరదే. వాన లేని, వరసగా రెండు రోజులు పొడిగా ఉండే సమయం చూసుకోమనండి. కంటికి కనబడే మాడు చివర నుంచి కాకుండా, గీకి చూసినప్పుడు చారలు ఆగిన చోటు నుంచి కిందికి ఇంకో అడుగు కొలిచి కోయాలి. మనసొప్పదు. పచ్చటి కొమ్మ, దాని మీద నాలుగు పిందెలు కూడా ఉంటాయి. అయినా కోయాలి. రెండేళ్ల వయసున్న ముదురు కొమ్మ దాకా వెళ్లి కోస్తే బాక్టీరియా ముందుకి నడవడం కష్టం. మామూలుగా కొమ్మ కోసేటప్పుడు మొదలు దగ్గర నున్నగా కోయమంటాం కదా, ఇక్కడ అలా వద్దు. నాలుగైదు అంగుళాల మోడు వదలాలి. చూడటానికి వికారంగా ఉంటుంది. కోసిన చోట మళ్లీ చిన్న పుండు పడ్డా ఆ మోడులోనే ఆగుతుంది, చలికాలంలో చెట్టు నిద్రపోయాక ఆ మోడుని మొదలంటా తీసేయొచ్చు. ఒక్కో కోతకీ కత్తెరని స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవాలి. కోసిన కొమ్మల్ని చెట్టు కింద కుప్ప పోయకుండా సంచిలో కట్టి పంపించేయాలి. మాడు మానులోకి దిగి ఉంటే మాత్రం ఇంట్లోవాళ్లు పైపైన కోసి ప్రయోజనం లేదు, చెట్టు చూసేవాళ్లని పిలవాలి.

ఇంకో మాట, మన గుంటూరు జిల్లా వాళ్లకి ప్రత్యేకంగా. చెట్టు నీరసంగా ఉందని యూరియా వేయొద్దు. మనకి చెట్టు డీలా పడితే చేయి ముందు యూరియా బస్తా మీదకి వెళ్తుంది. బేరికి నత్రజని ఎక్కువైతే మెత్తటి లేత చిగుళ్లు ఒక్కసారిగా తన్నుకొస్తాయి, ఫైర్ బ్లైట్‌కి కావలసింది అవే. పెరటి గడ్డికి వేసే ఎరువు కూడా చెట్టు వేళ్ల దాకా వెళ్తుంది. మీ అల్లుడు గారు పచ్చిక ముచ్చటగా పెంచుతున్నారని రాశారు. బేరి చుట్టూ రెండు గజాలు వదిలి వేసుకోమని చెప్పండి.

వచ్చే ఏడాదికి ఒక పని ఉంది. మార్చిలో మొగ్గ ఉబ్బి, చివర వెండిరంగు నూగు కనబడగానే, ఆకు విచ్చుకోకముందు, ఒకసారి రాగి మందు కొట్టాలి. చెట్టు బెరడు మీద దాక్కున్న బాక్టీరియా తగ్గుతుంది. ఆ రోజులు దాటాక కొట్టొద్దు. ఇది పుస్తకంలో చదివి చెప్తున్నది కాదు. కొండల్లో నా మొదటి ఏడాది, బేరి పిందె కట్టాక నేనే దగ్గరుండి ఒక శాతం బోర్డో మిశ్రమం, అంటే సున్నం కలిపిన రాగి మందే, కొట్టించాను. మన నిమ్మకి కొట్టినప్పుడు ఏమీ కాలేదు కదా అని ధీమా. నెల తిరిగేసరికి కాయలన్నీ గరుకు తేలి, అచ్చం సపోటా తొక్క తిరిగాయి. తోట ఆసామి ఒక కాయ కోసి తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. లోపల కాయ బాగానే ఉంది, తినొచ్చు. మార్కెట్లో మాత్రం ఎవడూ కొనలేదు.

ఇక హాథార్న్ మచ్చలు. ఇది వేరే జబ్బు. మన వేరుశెనగకి తుప్పు తెగులు వస్తుంది చూడండి, ఇది ఆ జాతిదే, కానీ బతుకు తీరు వింతగా ఉంటుంది. ఈ తుప్పు శిలీంధ్రానికి రెండు ఇళ్లు కావాలి. వేసవిలో హాథార్న్ మీదో బేరి మీదో యాపిల్ మీదో ఉంటుంది, చలికాలం జూనిపర్ మీద గడుపుతుంది. మనలాగే అనుకోండి, ఆరు నెలలు కూతురింట్లో, ఆరు నెలలు సొంతింట్లో. హాథార్న్ నుంచి పక్క హాథార్న్‌కి నేరుగా పాకదు. మధ్యలో జూనిపర్ ఇంటికి వెళ్లి రావాల్సిందే.

మచ్చ ఉన్న ఆకుని తిప్పి వెనకవైపు చూడమనండి. నారింజ మచ్చకి సరిగ్గా అడుగున పొట్టి గొట్టాల్లా, మీసాల్లా నిలబడి ఉంటే తుప్పే. ఇప్పుడింకా లేకపోయినా జూలైలో వస్తాయి. వాటిలోంచి లేచిన పొడి గాలికి వెళ్లి జూనిపర్ మీద పడుతుంది. వచ్చే ఏప్రిల్లో, వాన కురిసిన మర్నాడు, కంచె దగ్గర జూనిపర్ కొమ్మల్ని చూస్తే గోధుమరంగు కణుపుల్లోంచి నారింజ రంగు జెల్లీ కొమ్ములు పొడుచుకొచ్చి ఉంటాయి. మొదటిసారి చూసినవాళ్లు చెట్టుకి జిలేబీ కాసిందనుకుంటారు. ఎండ తగలగానే అవి ముడుచుకుపోతాయి, కాబట్టి మర్నాడే చూడాలి.

అయితే జూనిపర్ పొదలు కొట్టేద్దామా? మీ అమ్మాయి వాళ్లవి కొట్టేసినా పక్కింటివి, ఎదురింటివి ఉంటాయి, పొడి మైళ్ల దూరం వెళ్తుంది. ఈ గొడవ ఒకప్పుడు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వర్జీనియాలో యాపిల్ తోటల చుట్టుపక్కల ఉన్న ఎర్ర సీడార్ చెట్లని, అంటే ఈ జూనిపర్ జాతివే, నరికించే అధికారం ఇస్తూ 1914లో చట్టం తెచ్చారు. మా చెట్టు మేం ఎందుకు నరకాలని ఒకాయన కోర్టుకెళ్లాడు. 1928లో సుప్రీంకోర్టు చట్టానిదే ఒప్పంది. యాపిల్ అక్కడి రైతుకి అంత ముఖ్యం. మీ అమ్మాయి వాళ్ల పెరటికి అంత అవసరం లేదు. కణుపులు కనబడిన జూనిపర్ కొమ్మలు చలికాలంలో కోసేస్తే చాలు. మచ్చలు పడ్డ ఆకుల వల్ల హాథార్న్ చావదు, అందం పోతుందంతే. ఇప్పుడు మందు కొట్టినా పడిన మచ్చ పోదు. మరీ మనసు ఒప్పకపోతే వచ్చే వసంతంలో మొగ్గ విచ్చేటప్పటి నుంచి మైక్లోబ్యుటనిల్ లాంటి శిలీంధ్రం మందు అక్కడి షాపులో కొని, డబ్బా మీద రాసినట్టు కొట్టుకోవచ్చు. నేనైతే కొట్టను.

హాథార్న్ ఆకులు గోధుమరంగు చిన్న చుక్కలతో ఆగస్టుకే రాలిపోతుంటే అది ఇంకో మచ్చ తెగులు. రాలిన ఆకు ఊడ్చేస్తే సగం తగ్గుతుంది.

హాథార్న్ చెట్టునే తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు కూడా దొరుకుతారు. వాళ్ల మాటలో కొంత నిజముంది. ఇది బేరికి దగ్గర బంధువు, గులాబీ కుటుంబమే. ఫైర్ బ్లైట్ దీని మీదా ఉంటుంది, పురుగులూ పంచుకుంటాయి. యాపిల్ కాయలో పుట్టే యాపిల్ మాగట్ అనే ఈగ అసలు పుట్టింది హాథార్న్ కాయల్లోనే. యూరప్ నుంచి వచ్చినవాళ్లు అమెరికాలో యాపిల్ నాటాక, 19వ శతాబ్దం మధ్యలో కొన్ని ఈగలు హాథార్న్ వదిలి యాపిల్‌కి మారాయి. ఇది కొత్త జాతి విడిపోవడం కళ్లెదుటే జరుగుతున్నట్టుందని వాల్ష్ అనే కీటక శాస్త్రవేత్త 1867లోనే రాశాడు. ఇప్పటికీ జీవశాస్త్రం విద్యార్థులకి ఆ ఈగ ఒక పాఠం. పక్కన పెద్ద తోట ఉండి, అది ఎవరి జీవనాధారమో అయితే హాథార్న్ గురించి ఆలోచించాలి. పెరటి చెట్టు కోసమైతే నరకొద్దు. మే నెల పూత, చలికాలం పిట్టలకి ఎర్రటి కాయలు, అదో అందం.

జలగల్లాంటి పురుగుల సంగతి చదవగానే నవ్వొచ్చింది. మా అబ్బాయి ఎదురింటి ఆవిడ కూడా ఇలాగే కంగారు పడింది. దాన్ని పేర్ స్లగ్ అంటారు, కానీ అది నత్త కాదు, జలగ కాదు. ఒక రకం కందిరీగలాంటి కీటకానికి పిల్లపురుగు. అరంగుళం కూడా ఉండదు, తల వైపు లావుగా, తోక వైపు సన్నగా, ఒళ్లంతా నల్లటి జిగురు పూసుకుని ఉంటుంది. ఆకు పైపొరని గీకి తినేసి, ఆకు ఈనెలు మాత్రం జల్లెడలా మిగులుస్తుంది. బేరి, చెర్రీ, హాథార్న్, మూడూ దానికి ఇష్టమే. దీనికి మందే అక్కర్లేదు. పైపు నీళ్లు గట్టిగా కొడితే రాలిపోతుంది, తిరిగి చెట్టెక్కలేదు. పొయ్యి బూడిద చల్లినా ఆ జిగురుకి అంటుకుని ఎండిపోతుంది. ఆగస్టులో రెండో విడత వస్తుంది, అప్పుడు మీరే అక్కడ ఉంటారు కాబట్టి పొద్దున్నే కాఫీ తాగుతూ ఆ పని చూసుకోవచ్చు.

మీరు అడగకపోయినా బేరి చెట్టుకి ఇంకో రెండు మూడు వస్తాయి, చెప్పి వదిలేస్తాను. ఆకుల మీద తేనె కారినట్టు జిగట, దాని మీద నల్ల మసి కనబడితే అది పేర్ సిల్లా అనే చిన్న పురుగు. మన మామిడికి తేనెమంచు పురుగు చేసే పనే ఇదీ చేస్తుంది. దీనికి ఘాటు మందులు కొడితే ఇంకా పెరుగుతుంది. 1980ల్లో మన పత్తి మీద పైరిత్రాయిడ్లనే ఘాటు పురుగుమందులు విరగబడి కొట్టాక తెల్లదోమ ఏం చేసిందో మీ నాన్నగారి తరం వాళ్లని అడగండి. అదే కథ. మంచి పురుగులు చచ్చి, చెడ్డది మిగులుతుంది. చలికాలం చివర్లో చెట్ల మీద కొట్టడానికి అమ్మే నూనె (హార్టికల్చరల్ ఆయిల్) ఒకసారి కొడితే సిల్లా గుడ్లు పెట్టడం తగ్గుతుంది, కొమ్మలకి బూడిదరంగు చిల్లపెంకుల్లా అంటుకునే శాన్ హోజే పొలుసు పురుగూ ఊపిరాడక చస్తుంది. ఈ పొలుసు పురుగుకి ఒక ఘనత ఉంది. పురుగు మందుకి అలవాటు పడుతుందని మొట్టమొదట రాసింది దీన్ని చూసే, 1914లో, వాషింగ్టన్ రాష్ట్రంలో. అప్పటి మందు సున్నం గంధకం. మిర్చికి నల్ల తామర పురుగు వచ్చిన 2021లో మన రైతులు వారానికో డబ్బా మార్చి కొట్టి కూడా ఎందుకు ఓడిపోయారో ఆలోచిస్తే నాకు ఆ పాత రిపోర్టే గుర్తొచ్చింది.

కాయ తొడిమకి ఎదురువైపు కన్నం, కన్నం దగ్గర రంపపు పొట్టు ఉంటే కాడ్లింగ్ మాత్ అనే కాయ తొలిచే పురుగు. కాయ గింజ దాకా తొలిచేస్తుంది. మన దేశంలో ఇది లడఖ్‌లో ఉంది, అక్కడి నుంచి కిందికి రాకుండా చూడటమే పెద్ద పని. పత్తిలో గులాబీ రంగు పురుగుకి లింగాకర్షక బుట్టలు పెట్టినట్టే దీనికీ పెడతారు. ఒక్క చెట్టుకి ఆ బుట్టలెందుకు, నూజివీడు వైపు మామిడికి కవర్లు తొడిగినట్టు పిందెలకి కాగితం సంచులు తొడిగితే సరిపోతుంది.

వీధిలో తెల్లగా పూసి, కాయ కాయని బేరి చెట్లు వరసగా ఉన్నాయని రాశారు. అవి బ్రాడ్‌ఫోర్డ్ బేరి అయ్యుంటాయి. పూసినప్పుడు ఎండుచేపల వాసన వస్తుంది, మీరు వసంతంలో వెళ్తే తెలుస్తుంది. ఈ జాతి విత్తనాలు అమెరికా వాళ్లు 1910ల్లో చైనా నుంచి తెప్పించింది ఫైర్ బ్లైట్‌ని తట్టుకునే వేరు మొక్క కోసమే. మనం బత్తాయిని రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టినట్టు, మంచి బేరిని దాని మీద కడదామని. అందులోంచి ఒక అందమైన చెట్టుని 1963లో వీధి చెట్టుగా వదిలారు. అది మిగతా బేరి రకాలతో కలిసి, పిట్టలు విత్తనాలు మోసి, ఇప్పుడు పొలాల గట్లన్నీ ముళ్ల బేరి అయిపోయింది. మన సర్కారు తుమ్మ లాగే అనుకోండి. 2023 నుంచి ఒహాయోలో దాన్ని అమ్మడం, నాటడం నిషేధం. మీ అమ్మాయి కొత్త చెట్టు పెట్టాలనుకుంటే ఫైర్ బ్లైట్‌ని కొంత తట్టుకునే కీఫర్, సెకెల్, మూన్‌గ్లో, హ్యారో స్వీట్ లాంటివి అడగమనండి. బార్ట్‌లెట్ తియ్యగా ఉంటుంది కానీ ఈ జబ్బుకి ముందు వరసలో పడిపోతుంది.

మన రైతు సేవా కేంద్రంలా అక్కడ ప్రతి కౌంటీకి (మన జిల్లా లాంటిది) ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంటుంది. ఒహాయోలో అది ఒహాయో స్టేట్ యూనివర్సిటీది. ఆకు, కొమ్మ సంచిలో పెట్టి తీసుకెళ్తే చూసి చెప్తారు. నా మాట కన్నా వాళ్ల మాట మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోండి, చెట్టుని వాళ్లు చేత్తో పట్టుకుని చూస్తారు కాబట్టి.

డాబా మీద మొక్కకి ఫైర్ బ్లైట్ ఏమీ లేదు, టెన్షన్ పడకండి. ఆకు మధ్యలో పచ్చగా ఉండి అంచులు మాత్రమే ఎండుతున్నాయి, అదీ పడమటి ఎండ తగిలే వైపు ఎక్కువ అన్నారు. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లో, సిమెంటు డాబా మీద, కుండీలో ఉన్న కొండ మొక్క అది. బోరు నీళ్లు పోస్తున్నారేమో, ఆ ఉప్పు కూడా అంచులకే చేరుతుంది. కుండీ నుంచి నీళ్లు అడుగున కారేలా నెలకోసారి మంచి నీళ్లు నిండా పోసి, మధ్యాహ్నం నీడ పడే చోటికి జరపండి. బతుకుతుంది. కాయ మాత్రం ఆశించొద్దు. బేరికి చలికాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు కావాలి, బార్ట్‌లెట్‌కి సుమారు 800 గంటలు. పంజాబ్ మైదానాల్లో పండే పత్తర్‌నాఖ్ తక్కువతో సరిపెట్టుకుంటుంది, దానికీ అక్కడి చలి అక్కడుంది. విజయవాడలో డిసెంబరు రాత్రి 15 కిందికి దిగితేనే మనం మఫ్లర్లు తీస్తాం. అమ్మినవాళ్లు రెండేళ్లలో కాపు అని రాసి ఉంటారు, అది చదివి నవ్వుకోండి. అదే కుండీలో అంటు నిమ్మ పెడితే సాంబారులోకైనా పనికొస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు అక్కడి బేరి పుల్లలు తడిగుడ్డలో చుట్టి తేవాలని మాత్రం అనుకోకండి. మొక్కల దిగుమతికి ముందే పర్మిట్ కావాలి, క్వారంటైన్ తనిఖీ ఉంటుంది. జబ్బు పుల్లలో కనబడకుండా దాక్కుని వస్తుంది. మన హిమాచల్, కాశ్మీర్ తోటల మీద ఎన్ని కుటుంబాలు బతుకుతున్నాయో నేను దగ్గరుండి చూశాను.

అమ్మాయిని రెండు ఫోటోలు తీసి పంపమనండి, ఇక్కడే పెట్టండి. మాడిన కొమ్మకి జానెడు కిందుగా బెరడు గీకిన చోటు ఒకటి, మచ్చ ఉన్న హాథార్న్ ఆకు వెనకవైపు ఒకటి. కొమ్మ మొత్తం దూరం నుంచి తీసిన ఫోటో వద్దు, అందులో నాకేమీ కనబడదు.